తొమ్మిదో ప్రశ్నకు నేను పెట్టిన టిక్కు

గోదావరిఖనిలో బొగ్గు పనివాళ్ల క్వార్టర్ల మధ్య ఒక చిన్న డిస్పెన్సరీ ఉంది. ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక ఫార్మసిస్టు. ఆ ఫార్మసిస్టును నేను. మందుల కిటికీ వెనక కూర్చోబట్టి ఇరవై రెండేళ్లు.

ఈ ఇరవై రెండేళ్లలో నేను పెట్టిన అర్జీలన్నీ ఇంట్లో ఇనుప బీరువా కింది అరలో ఉన్నాయి. క్వార్టర్ కప్పు కారుతోందని పెట్టినవి ఆరు. డిస్పెన్సరీ వార్షికోత్సవం ఫ్లెక్సీ మీద ఊడ్చే మనిషి ఫొటో కూడా వేసి నా ఫొటో వేయలేదని పెట్టినది ఒకటి. చేతులున్న కుర్చీ నర్సుకు ఇచ్చి నాకు స్టూలు ఇచ్చారని పెట్టినది ఒకటి. ప్రతిదానికీ నకలు ఉంది, ప్రతి నకలు మీద 'ముట్టింది' అని ఎవరో ఒకరి సంతకం ఉంది. కాలనీలో వాళ్లకు ఏదైనా రాయించుకోవాల్సి వస్తే నా దగ్గరికే వస్తారు. గోలీల సారు అనడం కంటే అర్జీల సారు అనడమే ఎక్కువ.

మా డాక్టర్ సార్ మీద మాత్రం ఎన్నడూ అర్జీ పెట్టలేదు. మంచితనం వల్ల కాదు, ఆయన చేసిన అవమానానికి కాగితం మీద ఆధారం లేక. ఎనిమిదేళ్ల కిందట ఒక చిన్నపిల్లకు రాసిన మందు మోతాదు ఎక్కువగా ఉందనిపించి ఆయన గదిలోకి వెళ్లి చెప్పాను. లోపల నలుగురు పేషెంట్లు ఉన్నారు. ఆయన తలెత్తకుండా, "నువ్వు గోలీలు లెక్కపెట్టు. వైద్యం నేను చూసుకుంట" అన్నాడు. ఆ నలుగురిలో ఒకడు, బొగ్గు బావిలో పంపు ఆపరేటరు, నవ్వాడు. కాసేపటికి సార్ మోతాదు తగ్గించి రాసిన చీటీ నా కిటికీకి వచ్చింది. అంటే నేను చెప్పింది విన్నాడు. ఈ చివరి ముక్క నేను చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఆయన అన్న మాట మాత్రం అందరికీ చెప్పాను.

ఆనాటి నుంచి మందుల విషయమై ఆయన గది గడప తొక్కలేదు. ఆయన గదికీ నా కిటికీకీ మధ్య ఒక వరండా, పేషెంట్లు కూర్చునే ఒక బల్ల. అంతే దూరం.

ఈ ఏడు వానాకాలంలో ఒక మేడమ్ వచ్చింది. వరంగల్ వైపు ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. డాక్టర్లూ ఫార్మసిస్టులూ ఎంత కలిసి పనిచేస్తున్నారో కొలిచే ప్రశ్నావళి ఒకటి ఎక్కడో పరాయి దేశంలో తయారైందట. దాన్ని ఇద్దరు మనుషులు విడివిడిగా తెలుగులోకి మార్చారు. ఆ రెండింటినీ కలిపి ఒకటి చేశారు. అసలు ప్రతిని చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చారు. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ దిద్దుకున్నారు. ఇక ఆ ప్రశ్నలు మాలాంటి వాళ్లకు ఉద్దేశించినట్టే అర్థమవుతున్నాయా అని చూడడానికి ఆమె శ్రీరాంపూర్, నస్పూర్ వైపు తిరిగి మా దగ్గరికి వచ్చింది. డాక్టర్ సార్‌కు ఒక ప్రతి, నాకు ఒక ప్రతి.

"ఇది పరీక్ష కాదు సార్. మీకు కాదు, ప్రశ్నలకు పరీక్ష పెడుతున్న" అని ఆమె మొదటే చెప్పింది.

నేను దాన్ని విచారణ అనుకున్నాను. ఎనిమిదేళ్లకు ఎవరో ఒకరు అడగడానికి వచ్చారనుకున్నాను. మర్నాడు ఆమె నా ఎదుట కూర్చోగానే రాత్రి నాలుగు పేజీల్లో రాసి పెట్టుకున్న కాగితాలు, వాటి జిరాక్సు బల్ల మీద పెట్టాను.

"ఇదేంది సార్?"

"వివరాలు మేడమ్. నకలు మీద ముట్టిందని సంతకం పెట్టున్రి."

"నేను తీసుకోరాదు సార్. ఎవరి పేర్లూ ఉండొద్దు. మీకొక కోడ్ నంబరు ఉంటది, అంతే."

"పేరు లేకుంటే చర్య ఎవరి మీద తీసుకుంటరు?"

"ఎవరి మీదా తీసుకోరు."

"మరి దేనికి అడుగుతున్నరు?"

వరండాలోంచి పెద్ద నర్సు కేకేసింది. "మేడమ్, ఆ సారుకు పెన్ను ఇయ్యకున్రి. మీరు తెచ్చిన కాగితాలు సాలయి."

మేడమ్ నవ్వు ఆపుకోవడం నేను చూశాను. నా నాలుగు పేజీలు వెనక్కి తీసుకున్నాను.

ఆమె పని ఇట్లా ఉండేది. నేను ఒక్కో ప్రశ్న పైకి చదవాలి. ఏం అర్థమైందో నా మాటల్లో చెప్పాలి. జవాబు పెట్టే ముందు మనసులో ఏ సంగతి మెదిలిందో అదీ చెప్పాలి. 'నా వృత్తిపరమైన అభిప్రాయానికి డాక్టర్ విలువ ఇస్తారు' అని ఒకటి ఉంది. ఇట్లా ఎవరూ మాట్లాడరు మేడమ్ అన్నాను. ఆమె పక్కన రాసుకుని, తర్వాతి ప్రతిలో 'మందుల గురించి నేను చెప్పిన మాటను డాక్టర్ పట్టించుకుంటారు' అని మార్చింది. నా మాట ఒకరు పట్టించుకోవడం నాకు ఎంత బాగనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఆ వెంటనే ఆమెకు అబద్ధం చెప్పాను.

తొమ్మిదో ప్రశ్న ఇది: 'డాక్టర్ రాసిన మందులో పొరపాటు ఉందని అనుమానం వస్తే, మందు ఇచ్చే ముందే డాక్టర్‌తో మాట్లాడతాను.'

"ఏం అర్థమైంది సార్?"

"డౌటుంటే అడగాలె అని."

"మీకు ఏ సంగతి యాదికొచ్చింది?"

ఎనిమిదేళ్ల నాటి చిన్నపిల్ల సంగతి రాలేదు. నాలుగు నెలల కిందటి కాక సంగతి వచ్చింది.

కాక అంటే నాకు చుట్టం కాదు. బావిలో బొగ్గు నింపి రిటైరైన మనిషి, మా వెనక వీధిలో ఉంటాడు, అందరికీ కాకే. షుగర్ ఉంది. హైదరాబాద్ పెద్ద దవాఖానలో పది రోజులు ఉండి వచ్చి, వాళ్లిచ్చిన చీటీ, మా డిస్పెన్సరీ మందుల బుక్కు రెండూ డాక్టర్ సార్ ముందు పెట్టాడు. సార్ పాత షుగర్ గోలీలు అట్లాగే ఉంచి, హైదరాబాద్ వాళ్లు రాసినవీ ఇవ్వమని రాశాడు. రెండు పెట్టెలూ నా చేతిలోకి వచ్చాయి. పేర్లు వేరు, లోపల ఉన్న మందు ఒకటే. రెండూ కలిపి వేసుకుంటే షుగర్ పడిపోతుంది. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. వరండా దాటితే చాలు. బల్ల మీద జనం ఉన్నారు. నేను గోలీలు లెక్కపెట్టేవాణ్ని కదా అనుకున్నాను. లెక్కపెట్టి ఇచ్చాను. బుక్కులో 'ఇవ్వబడింది' ముద్ర వేసి పొట్టి సంతకం పెట్టాను.

ఆరో రోజు కాక కూరగాయల అంగట్లో కళ్లు తిరిగి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఏరియా దవాఖానలో గోలీలు చూసి వాళ్లే చెప్పారట, ఒకటే మందు రెండు సార్లు రాశారని. కాక భార్య, మేమంతా అవ్వ అంటాం, నేరుగా మా డిస్పెన్సరీకి వచ్చింది. బల్ల నిండా జనం ఉండగా డాక్టర్ సార్ గది గుమ్మంలో నిలబడి తిట్టింది. "సదువుకున్నవా, గాడిదలు కాసినవా? మనిషి పానం తీస్తవా?" సార్ లేచి నిలబడ్డాడు. ఆమె తెచ్చిన బుక్కు తెరిచి చూశాడు. "తప్పయింది అవ్వా. నేను చూడలె" అన్నాడు. నా కిటికీ వైపు తలతిప్పలేదు.

నేను కిటికీ వెనక నుంచి అంతా చూశాను. నోరు తెరవలేదు. దాచుకోను, నాకు సంతోషమైంది. నలుగురిలో నన్నన్నాడు, నలభై మందిలో తను పడ్డాడు అనుకున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్లి కడుపునిండా తిన్నాను.

మేడమ్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. "చిన్నపిల్ల సంగతి యాదికొచ్చింది మేడమ్" అని మొదలుపెట్టి, నేను ఎట్లా వెళ్లి చెప్పానో, ఆయన ఏమన్నాడో, పంపు ఆపరేటరు ఎట్లా నవ్వాడో అంతా చెప్పాను. ఆమె తలూపుతూ రాసుకుంది. "ప్రశ్న మీకు సరిగ్గనే అర్థమైంది సార్" అంది.

వారం తర్వాత దిద్దిన ప్రతి తెచ్చి, ఈసారి జవాబులు పెట్టమంది. డాక్టర్ గురించి అడిగిన ప్రతిచోటా అన్నిటికంటే కింది గడిలో టిక్కు పెట్టాను. తొమ్మిదో ప్రశ్నకు 'ఎల్లప్పుడూ' గడిలో పెట్టాను.

"రెండు వారాలకు మళ్ల వస్త సార్. ఇవే ప్రశ్నలు మళ్ల ఇస్త."

"మళ్లెందుకు? నేను మాట మార్చే మనిషిని కాను."

"అందుకే సార్. ప్రశ్న మంచిదైతే, పరిస్థితి మారనప్పుడు జవాబు కూడ మారొద్దు. అది సూసుకోవాలె."

ఆ రెండు వారాల మధ్యలో ఒక శనివారం మధ్యాహ్నం అవ్వ మా క్వార్టర్‌కు వచ్చింది. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో కాక మందుల బుక్కు.

"బిడ్డా, ఒక అర్జీ రాయాలె" అంది.

"దేని మీద అవ్వా?"

"ఇంక దేని మీద? ఆ డాక్టర్ మీద. ముసలోడు కట్టె పట్టుకున్నా గడప దాటుతలేడు. ఆ డాక్టర్ గదిల కుర్సీల మంచిగనే కూసుంటుండు. నాలుగు నెలలు సూసిన. ఇంక ఊకోను. నువ్వు రాస్తె గట్టిగుంటదని అందరన్నరు."

నా భార్య చాయ్ తెచ్చి ఇచ్చింది. అవ్వ సాసర్లో పోసుకుని తాగుతూ అంది. "నువ్వన్న మంచిగ ఉన్నవు బిడ్డా. ఆడ మా మొకం సూసి మాట్లాడెటోనివి నువ్వొక్కనివే."

ఇన్నేళ్లలో నేను ఎదురుచూసిన అర్జీ నడిచి నా గుమ్మంలోకి వచ్చింది. ఆధారం కూడా వెంట తెచ్చింది. రేపు రాసి ఉంచుతాను, బుక్కు నా దగ్గరే పెట్టి పొమ్మన్నాను.

ఆదివారం పొద్దున తలకు పోసుకుని బల్ల ముందు కూర్చున్నాను. అర్జీ రాయడంలో నాకొక పద్ధతి ఉంది. ముందు జరిగింది తేదీల వారీగా. తర్వాత దానివల్ల కలిగిన నష్టం. తర్వాత ఎవరి మీద ఏ చర్య కోరుతున్నామో. చివర జతపరిచిన కాగితాల పట్టిక. జత లేని అర్జీని ఆఫీసులో ఎవరూ చదవరు, ఇది నేను పది మందికి నేర్పిన మాట. రెండు పేజీలు సాఫీగా వచ్చాయి. డాక్టర్ నిర్లక్ష్యం అనే మాట నాలుగుసార్లు రాశాను. రాస్తుంటే చెయ్యి హాయిగా సాగింది.

జిరాక్సు తీయించాల్సిన పేజీ కోసం బుక్కు తెరిచాను. సార్ రాసిన రెండు మందులు పక్కపక్కనే ఉన్నాయి. వాటి కింద, అదే పేజీలో, నా ముద్ర. నా సంతకం. ఆ పేజీ లేకుండా అర్జీ నిలబడదు. ఆ పేజీ ఉంటే, మందులు తెలిసిన ఏ ఆఫీసరైనా మొదట అడిగేది ఆ సంతకం ఎవరిదనే.

కింది సగం మీద ఒక కాగితం అడ్డం పెట్టి జిరాక్సు తీయిస్తే? ఆ ఆలోచన నాకు వచ్చింది. రావడమే కాదు, కాగితం కత్తిరించి, కొలత చూసి, ఆ సంతకం మీద పెట్టి చూశాను కూడా. సరిగ్గా సరిపోయింది. దాన్ని అట్లా చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నా భార్య వచ్చి, "అయిపోయిందా రాసుడు?" అంటే గబుక్కున బుక్కు మూశాను. ఇరవై రెండేళ్లలో నా అర్జీ ఒక్కటీ ఇంట్లో వాళ్లకు కనపడకుండా దాచింది లేదు.

"ఏమైంది? మొకం అట్లున్నది" అంది.

"ఏం కాలె."

"ఏం కాకుంటె బుక్కెందుకు మూసినవు?"

చెప్పాను. మొదట ఆమెకే చెప్పాను. ఆమె తిట్టలేదు. "అవ్వ నిన్న ఇదే బల్ల కాడ చాయ్ తాగిపోయె" అని మాత్రం అని లోపలికి వెళ్లింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం బుక్కు పట్టుకుని వెనక వీధికి వెళ్లాను. కాక మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. కట్టె మంచానికి ఆనించి ఉంది. అవ్వ స్టూలు జరిపి వేసింది. నేను కూర్చోలేదు.

"రాసినవా బిడ్డా?"

"అవ్వా, ఆ గోలీలు ఇచ్చింది నేను."

"నువ్వే ఇస్తవు గదా. కిటికీల ఉండేది నువ్వే నాయె."

"అట్ల కాదు. రెండు ఒకటే అని ఇచ్చేటప్పుడే నాకు తెల్సు. తెల్సి ఇచ్చిన. సార్‌ను అడుగుడు ఇష్టం లేక అడగలె."

అవ్వ నా మొహం చూసింది, కాక మొహం చూసింది. కాక టీవీ గొంతు తగ్గించాడు.

"తెల్సా?" అంది అవ్వ.

"తెల్సు."

"తెల్సి, నేను ఆయనను గట్ల తిడుతుంటే ఊకె సూసుకుంట నిలబడ్డవా?"

"నిలబడ్డ."

కాక గొంతు సవరించుకున్నాడు. "పోనియ్యవే. పడ్డది నేను. ఇంటి దాకా వచ్చి చెప్పిండు గదా."

"నువ్వూకో. నీకేం తెల్సు?" అని ఆమె నా వైపు తిరిగింది. "నాలుగు నెలలాయె. అంగట్ల కనబడ్డవు, దావత్ల కనబడ్డవు, కాక ఎట్లున్నడని అడిగినవు. అడిగినవా లేదా?"

"అడిగిన."

"ఏం నోటితోని అడిగినవు?"

  ఎవరి మాటకైనా తిరుగు సమాధానం రాయగలనని పేరున్న మనిషిని, బుక్కు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

అవ్వ అంది. "అర్జీ రాయి. ఇద్దరి పేర్లు రాయి. నీ పేరు ముంగట రాయి." తర్వాత బుక్కు నా చేతిలోంచి తీసుకుని కాక దిండు కింద పెట్టింది. "జిరాక్సు నేనే తీయించి ఇస్త. ఇది నీ కాడ ఉండొద్దు."

ఇరవై రెండేళ్లుగా ఆ కాలనీలో జనం కాగితాలు నా దగ్గర దాచుకునేవారు. బుక్కు దిండు కిందికి పోయిన ఆ చప్పుడు నాకు తిట్ల కంటే ఎక్కువ తగిలింది.

ఆమె చెప్పినట్టే రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. డిస్పెన్సరీ మీద ఏ అర్జీ అయినా పైకి పంపాల్సింది డాక్టర్ సారే. సోమవారం ఓపీ అయ్యాక వరండా దాటి ఆయన గదిలోకి వెళ్లాను. కాగితం ఇచ్చి నిలబడ్డాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"ఆ ముద్ర నీదని నాకు తెల్వదా?" అన్నాడు. "అవ్వ వచ్చిన్నాడే సూసిన. నువ్వు వస్తవని సూసిన. రాలె."

"మరి ఆనాడే అనకపోయిన్రా సార్?"

"ఏమని? రాసింది నేను. నీ మీదికి తోస్తె, నీ అర్జీలకు జవాబు రాసుకుంటనే రిటైరయ్యేవాణ్ని."

నేను ఎనిమిదేళ్ల నాటి మాట తీశాను. చిన్నపిల్ల సంగతి, గదిలో ఉన్న నలుగురు, ఆయన అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, ఆగలేకపోయాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అన్ననా? అనే ఉంట. ఆ దినాలల్ల అందరినీ గట్లనే అన్న." క్షమించమనలేదు. అదీ నాకు గుర్తుంది. "అయితె ఏంది? నేనొక మాటంటే నువ్వు ముసలాయనకు రెండు గోలీలు ఇస్తవా? నన్ను కొట్టకపోయినవా? ఆయనేం చేసిండు?"

సంతకం చేసి పైకి పంపాడు. నేను వరండాలోకి వచ్చేసరికి వెనక నుంచి, "డౌటుంటే రా. నేను అరుస్త. అయినా రా" అని వినపడింది. నెలలోపు ఇద్దరికీ మెమోలు వచ్చాయి.

కానీ మెమోలకు ముందే, సరిగ్గా రెండు వారాలకు, మేడమ్ వచ్చింది. వర్షంలో బస్సు దిగి తడుచుకుంటూ వచ్చింది. అవే ప్రశ్నలు నా ముందు పెట్టింది. డాక్టర్ గురించిన వాటికి ఈసారి ఒక్కొక్కటీ ఆగి ఆగి పెట్టాను. కొన్ని కిందే ఉన్నాయి, కొన్ని పైకి వెళ్లాయి. తొమ్మిదో ప్రశ్నకు 'ఎన్నడూ లేదు' గడిలో పెట్టాను. చిన్నపిల్ల సంగతి తర్వాత నిజం అదే.

చివర కొత్తగా ఒక ప్రశ్న ఉంది. గత రెండు వారాల్లో మీకూ డాక్టర్‌కూ మధ్య పనిలో పెద్ద మార్పేమైనా జరిగిందా?

"ఇది ఎందుకు మేడమ్?"

"మార్పు జరిగిందంటే మీ రెండు కాగితాలను పోల్చి చూడం సార్. పక్కన పెడుతం. జరగలేదంటే పోలుస్తం. జవాబులు కలవకుంటే ప్రశ్న నిలకడగ లేదని అర్థం."

అవును అని పెడితే సులువు. ఎవరూ ఏమీ అడగరు. కానీ తొమ్మిదో ప్రశ్న విషయంలో మారింది ఏమీ లేదు. అప్పుడూ నేను వెళ్లి చెప్పేవాణ్ని కాదు. మారింది నా టిక్కు ఒక్కటే. లేదు అని పెడితే, ఇన్ని ఊళ్లు తిరిగి ఆమె కష్టపడి దిద్దుకున్న ప్రశ్న మీద నా వల్ల మచ్చ పడుతుంది.

"మేడమ్, తొమ్మిదోది మంచి ప్రశ్ననే" అన్నాను. "మీ మొదటి కాగితం మీద నేను అబద్ధం పెట్టిన. అంతకుముందు, ఏం యాదికొచ్చిందని అడిగిన్నాడు కూడ అబద్ధమే చెప్పిన."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది. "నాకు ఎన్ని కాగితాలల్ల ఇట్లున్నదో ఇప్పుడెట్ల తెలుస్తది సార్?" అంది. నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు.

"నా సంగతి రాసుకోన్రి."

"కారణం ఏమని రాయమంటరు?"

"మనిషి అబద్ధమాడిండు అని రాయున్రి."

ఆమె నా కోడ్ నంబరు పక్కన ఆ మాటే రాసింది. రాయడం అయ్యేదాకా నేను ఎదురుగా కూర్చున్నాను. కిటికీ అవతల ఎవరో గోలీల కోసం చీటీ పట్టుకుని నిలబడి ఉన్నారు.